శ్రీకాకుళం దాకా ఆగకుండా

పోయిన వారం జెన్నిఫర్‌ని చేతిలో ఒక కాగితంతో వదిలాం. శంషాబాద్‌లో బెంగళూరు హైవేని ఆనుకుని ఉన్న కార్ల షోరూంలో ఆమెకు ఉద్యోగం. వచ్చినవాళ్లకి కార్లు చూపించాలి, పక్కన కూర్చుని నడిపించాలి, రెండు రోజులాగి ఫోను చేసి ఏమనుకున్నారో కనుక్కోవాలి. మంగళవారం కావేరి అనే ఆవిడ ఒక్కతే వచ్చింది. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఎస్‌యూవీ చుట్టూ రెండుసార్లు తిరిగి ఒకే సంగతి అడిగింది. ట్యాంకు ఒక్కసారి నింపితే ఎక్కడా ఆగకుండా శ్రీకాకుళం చేరుతుందా? చేరాక ఇంకా మిగులుతుందని జెన్నిఫర్ చెప్పింది. గురువారం ఫోను చేస్తే భర్త ఎత్తాడు. భర్తే కదా అని జెన్నిఫర్ ఉత్సాహంగా అంతా చెప్పేసింది. మేడంకి హైబ్రిడ్ బాగా నచ్చిందనీ, శ్రీకాకుళం దాకా ఆగకుండా వెళ్లాలని అడిగారనీ. అవతల అతను చివరిదాకా విన్నాడు. తర్వాత ఆ గొంతు మెత్తగా అంది: "శనివారం ఇద్దరం వస్తాం. సెడాన్ కూడా రెడీగా పెట్టండి. మీరు ఫోన్ చేసినట్టు మా ఆవిడతో అనకండి." ఫోను పెట్టేశాక జెన్నిఫర్ కావేరి నింపిన ఫారం మళ్లీ చూసింది. నంబరు కింద, కాగితం అంచున, చీమల్లాంటి అక్షరాలు. 'దయచేసి ఫోన్ చేయవద్దు.'

శనివారం పదకొండు గంటలకు వాళ్లు వచ్చారు. ఇద్దరు కాదు, ముగ్గురు. ఆరేళ్ల పాప కూడా ఉంది.

కావేరి భర్త ఉదయభాస్కర్‌ని చూస్తే ఎవరూ అనుమానించరు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చక్కగా దువ్విన జుట్టు, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల ఊపుతూ వినే మర్యాద. తలుపు దగ్గర వాచ్‌మన్ శివయ్యకి కూడా నమస్కారం పెట్టాడు. అతని వెనక కావేరి. మంగళవారం నాటి మనిషేనా అనిపించింది జెన్నిఫర్‌కి. పొడుగు చేతుల జాకెట్టు, ఎడమ మణికట్టుకి కట్టు.

"బాత్రూంలో జారిపడిందండీ" అన్నాడు ఉదయభాస్కర్, ఎవరూ అడగకుండానే.

"సర్, మొన్న..." అని మొదలుపెట్టింది జెన్నిఫర్.

"ముందు కార్లు చూపించండి" అని అతను చిరునవ్వుతో అడ్డుకున్నాడు.

జెన్నిఫర్ చూపించింది. రెండేళ్లుగా రోజూ చెప్పే మాటలే, నోరు దానంతటదే చెప్పుకుపోయింది. హైబ్రిడ్ ఎస్‌యూవీ ట్రాఫిక్‌లో బ్యాటరీ మీదే పోతుంది, పెట్రోలు కలిసొస్తుంది, సామాను ఎంతైనా పడుతుంది. సెడాన్ నేలకి దగ్గరగా ఉంటుంది, మలుపుల్లో అతుక్కుపోయినట్టు తిరుగుతుంది, కాలు ఇలా ఆనిస్తే చాలు, అలా ఉరుకుతుంది. చెబుతున్నంతసేపూ ఆమె కళ్లు కావేరి ముఖం మీదే ఉన్నాయి. కావేరి మాత్రం నేల చూస్తోంది. పాప లాస్య తల్లి చీర కొంగు పట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా నిలబడింది. షోరూంలోకి వచ్చిన పిల్లలు ఒక్క నిమిషం కుదురుగా ఉండరు. ఈ పిల్ల ఊపిరి కూడా అడిగి పీలుస్తున్నట్టుంది.

"నీకు ఏది కావాలో చెప్పు కావేరీ" అన్నాడు ఉదయభాస్కర్.

"మీ ఇష్టమండీ."

"అలా కాదు. ఈ అమ్మాయి ముందు చెప్పు."

"సెడానే బావుంది."

"ఎందుకు?"

కావేరి గొంతు సవరించుకుంది. "మీకు నడపడం సరదా కదా."

"చూశారా" అన్నాడతను జెన్నిఫర్ వైపు తిరిగి. "నా సరదా గురించి ఎంత ఆలోచిస్తుందో."

జెన్నిఫర్ తాళాలు తెస్తానని చెప్పి నేరుగా మేనేజర్ లక్ష్మణ్ గదిలోకి వెళ్లింది.

"సర్, ఆయన మంచోడు కాదు. ఆమెను కొడుతున్నడు. గా టెస్ట్ డ్రైవ్ ఇయ్యొద్దు సర్."

లక్ష్మణ్ అద్దంలోంచి బయటికి చూశాడు. ఉదయభాస్కర్ వంగి కూతురి బూటు లేసు కడుతున్నాడు.

"ఏంది జెన్నీ, నీకేమన్న చెప్పిందా ఆమె?"

"చెప్పలే. గానీ నాకు తెలుస్తుంది."

"మొగుడు పెండ్లాల ముచ్చట మనకెందుకు? నీకు భయమైతే చందును పంపుత. పాల్మాకుల కాడ యూటర్న్ తీస్కొని వచ్చేస్తరు."

చందు చేరి రెండు వారాలైంది. పాటలు వింటూ పక్కన కూర్చుంటాడు. కావేరి అరిచినా వినపడదు. జెన్నిఫర్ తాళం గుప్పిట్లో బిగించింది.

"వద్దు సర్. నేనే పోత."

పాపనీ, మేడంనీ ఏసీలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తామని చెప్పి చూసింది. ఉదయభాస్కర్ ఒప్పుకోలేదు. "ఫ్యామిలీ కారు కదండీ. ఫ్యామిలీ అంతా ఎక్కాలి."

అతను స్టీరింగు ముందు, పక్కన కావేరి. కావేరి వెనక లాస్య, అతని వెనక జెన్నిఫర్. పైనుంచి విమానం ఒకటి చక్రాలు దింపుకుని ఇళ్ల కప్పులకి తగులుతుందా అన్నంత కిందికి దిగుతోంది. సెడాన్ హైవే ఎక్కింది.

మొదటి అయిదు నిమిషాలూ అతను ఎంత బాగా నడిపాడంటే, జెన్నిఫర్‌కి తన అనుమానం మీదే అనుమానం వచ్చింది. లారీల మధ్య నుంచి నీళ్లలా జారుకుంటూ పోయాడు. "అబ్బ, బండంటే ఇదీ" అన్నాడు ఒకసారి. పాల్మాకుల యూటర్న్ కనబడింది.

"సర్, ఇక్కడ తిప్పుకోవాలి."

అతను తిప్పలేదు. స్పీడు నూటపది దాటింది.

"శ్రీకాకుళం ఇటు కాదు కదూ కావేరీ?" అన్నాడు.

కావేరి వీపు సీటుకి అతుక్కుపోయింది. జెన్నిఫర్‌కి ముందు సీటు సందులోంచి ఆమె చెయ్యి కనిపించింది. కట్టు కట్టిన చెయ్యి, తలుపు పిడి కోసం వెతుకుతోంది.

"ఇటు బెంగళూరు" అన్నాడతను తనే. "శ్రీకాకుళం అటు, వెనక. ఏడొందల కిలోమీటర్లు. మధ్యలో పెట్రోలు బంకులో కార్డు గీకితే నా ఫోనుకి మెసేజ్ వస్తుంది. అందుకని ఆగకుండా వెళ్లే బండి కావాలి నీకు. నా డబ్బుతో. పాపకి స్కూల్లో టీసీ కూడా తీసేశావు. బీరువా వెనక బ్యాగు సర్దావు. ఎంత తెలివి!"

"ఏవండీ, పాప ఉంది."

"ఉండనీ. తెలుసుకోనీ."

అప్పుడు అర్థమైంది జెన్నిఫర్‌కి, గురువారం తను ఏం చేసిందో. ఆవిడ మైలేజీ అడగలేదు. ప్రాణంతో బయటపడే దారి అడిగింది. ఆ దారి ఎటు పోతుందో తనే తీసుకెళ్లి అతని చెవిలో చెప్పింది.

"సర్, కారు ఆపండి. రూల్ ప్రకారం..."

అతను ఎడంచెయ్యి కిందికి దించాడు. టిక్కుమని చిన్న చప్పుడు. కావేరి సీటుబెల్టు ఊడి పైకి చుట్టుకుపోయింది. కారు కీచుకీచుమని హెచ్చరిక మోగించడం మొదలుపెట్టింది. కావేరి బెల్టు అందుకోబోయే లోపలే అతను బ్రేకు తొక్కాడు.

ఆమె నుదురు ముందున్న డ్యాష్‌బోర్డుకి కొట్టుకున్న చప్పుడు లాస్య కేకలో కలిసిపోయింది. వెనక లారీ హారను మోగిస్తూ పక్కకి తప్పుకుని వెళ్లింది. అతను మళ్లీ కాలు ఆనించాడు. ఎనభై, నూరు, నూటముప్పై. సెడాన్ ఏ పాపం ఎరగనట్టు ఉరికింది.

"బెల్టు పెట్టుకుంటే చేతులు విరగ్గొడతా" అన్నాడు మామూలు గొంతుతో. "ఇంకా ఎవరికి చెప్పావు? మీ అక్క విజయకేనా? ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. దేవుడి మీద ఒట్టు, ఎవరూ లేరు."

రెండోసారి బ్రేకు తొక్కాడు. ఈసారి ఆమె చేతులు అడ్డం పెట్టుకుంది. కట్టు కట్టిన మణికట్టు మడతపడింది. ఆమె అరవలేదు. మూలిగింది, అంతే. ఆ మూలుగు విని అతను స్టీరింగు మీంచి చెయ్యి తీసి, మడిచిన పిడికిలితో ఆమె నోటి మీద గుద్దాడు. రెండుసార్లు. తెల్లటి సీటు కవరు మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి.

జెన్నిఫర్ లాస్య తలని తన ఒళ్లోకి లాక్కుని పిల్ల కళ్లు చేత్తో మూసింది. యేసయ్యా, యేసయ్యా అని మనసులో అనుకుంటూనే ఆమె కళ్లు రెండు సీట్ల మధ్య ఉన్న బటన్ మీద పడ్డాయి. కొత్తగా చేరినప్పుడు నేర్పారు. నడిపేవాడికి స్పృహ తప్పితే, ఆ పార్కింగ్ బ్రేకు బటన్ పైకి లాగి వదలకుండా పట్టుకోవాలి. బండి దానంతటదే ఆగుతుంది. ఆ మాట ఎందరికో చెప్పింది. ఎప్పుడూ లాగి చూడలేదు.

వెనక అద్దంలోంచి చూసింది. ఒక బస్సు, చాలా దూరంలో. బెల్టు విప్పుకుని ముందుకి దూకింది. ఒక చేత్తో కావేరి భుజం సీటుకేసి అదిమి, రెండో చేత్తో బటన్ లాగింది.

కారు టైర్లు గట్టిగా కీచుమన్నాయి. ముక్కు నేలకి వంగినట్టయింది. "ఏయ్" అంటూ ఉదయభాస్కర్ మోచేతిని వెనక్కి విసిరాడు. జెన్నిఫర్ ముక్కులో ఏదో పగిలింది. కళ్ల ముందు తెల్లగా వెలిగి, రక్తం వేడిగా, ఉప్పగా నోట్లోకి కారింది. ఆమె చెయ్యి వదల్లేదు. అతను వేళ్లు పట్టుకుని వెనక్కి విరిచాడు. చిటికెన వేలు పక్కకి తిరిగిపోయింది. మిగిలిన వేళ్లతో పట్టుకుంది. కారు ఎడమవైపు ఊగి, తెల్లగీత దాటి, రోడ్డు పక్క కంకరలో కరకరమంటూ జారి ఆగింది.

హెచ్చరిక బీప్ ఇంకా మోగుతూనే ఉంది.

తర్వాత అతను దిగాడు. నిదానంగా ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి కావేరి తలుపు తీశాడు. జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. ఆమె మోకాళ్ల మీద కంకరలో పడింది. కడుపులో తన్నాడు.

జెన్నిఫర్ లాస్యని ఎత్తుకుని ఎడమ తలుపులోంచే దిగి పరుగెత్తింది. ముప్పై అడుగుల దూరంలో గొడుగు కింద సీతాఫలాల బుట్టలు పెట్టుకుని ఒక ముసలామె కూర్చుంది. అమృతమ్మ ఆమె పేరు. తెరిచిన కారు తలుపు అడ్డమై గొడవ కనపడక, చప్పుడు మాత్రం విని లేచి నిలబడింది.

"అవ్వా, జర ఈ పిల్లను పట్టు!"

"ఏమైందే బిడ్డా? గా రక్తమేంది?"

జవాబు చెప్పడానికి జెన్నిఫర్ ఆగలేదు. వెనక్కి పరుగెత్తి డిక్కీ తెరిచింది. కింది అట్ట ఎత్తితే స్టెప్నీ, దాని పక్కన చక్రం విప్పే ఇనుప స్పానర్. కావేరి చప్పుడు చెయ్యడం మానేసింది. అదే జెన్నిఫర్‌ని భయపెట్టింది. అతను ఆమె మీద వంగి, రెండు చేతులతో మెడ పట్టుకుని ఉన్నాడు.

మొదటి దెబ్బ అతని వీపు మీద పడింది. అతను లేచి తిరిగాడు. ముఖంలో కోపం లేదు, విసుగు ఉంది, పనిలో ఎవరో అడ్డం వచ్చినట్టు. జెన్నిఫర్ మెడలోని ఐడీ కార్డు తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజి ఆమెను కారుకేసి కొట్టాడు. తల వెనక తలుపు అంచు తగిలింది. ఇంకోసారి. మూడోసారి గుంజినప్పుడు తాడు తెగింది. ఆమె కింద పడింది. స్పానర్ చేతిలోనే ఉంది. పడ్డచోటి నుంచే, పక్కకి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అతని ఎడమ మోకాలి మీద కొట్టింది.

ఎండుకట్టె విరిగినట్టు వినిపించింది. అతను అరిచాడు. ఆ ఉదయమంతా అతని గొంతు పెరగడం అదే మొదటిసారి.

జెన్నిఫర్ పాక్కుంటూ కావేరి దగ్గరికి వెళ్లింది. ముఖం గుర్తుపట్టేలా లేదు. పై పన్ను ఒకటి లేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది, గురకలా.

"అక్కా, లే. పాప మంచిగున్నది. అవ్వ కాడున్నది. లే అక్కా."

కావేరి కళ్లు తెరిచింది. జెన్నిఫర్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేకపోయింది.

"నేనే అక్కా. నేనే చెప్పిన. ఫోన్ చేస్తే ఆయన ఎత్తిండు. శ్రీకాకుళం సంగతి మొత్తం చెప్పేసిన. నాకు తెల్వలే అక్కా, నిజంగ తెల్వలే."

కావేరి ఆమెను చాలాసేపు చూసింది. "నువ్వా?" అంది. పగిలిన పెదవుల మధ్య ఆ మాట సరిగ్గా రాలేదు. "కారు సంగతీ టీసీ సంగతీ మా అక్క ఒక్కదానికే చెప్పాను. అక్కే చెప్పిందనుకున్నాను. నిన్న ఫోనులో నోటికొచ్చినట్టు తిట్టాను. శ్రీకాకుళంలో ఇక తన గుమ్మం తొక్కొద్దంది అక్క." ఆగి ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు నాకు వెళ్లడానికి చోటు కూడా లేదు."

జెన్నిఫర్ తన చున్నీ తీసి ఆమె నోటికి అదిమింది. ఆ రెండు నిమిషాలూ ఉదయభాస్కర్‌ని చూడలేదు. అదే తప్పయింది.

సైరన్ చప్పుడుకి తల తిప్పింది. హైవే గస్తీ జీపు వచ్చి ఆగింది. ఒక హెడ్ కానిస్టేబుల్, ఇంకొకతను దిగారు. వాళ్లకి ఎదురుగా, జీపుకీ సెడాన్‌కీ మధ్య, ఒంటికాలి మీద బరువు వేసి ఉదయభాస్కర్ నిలబడి ఉన్నాడు. అతని చంకలో లాస్య. వెనకాల అమృతమ్మ చేతులు జోడించి బిక్కచచ్చి చూస్తోంది.

"నా బిడ్డ అన్నడు సారూ" అంది ఎవరూ అడక్కముందే. "తండ్రి అడిగితే ఎట్ల ఇయ్యకుంట ఉంటా?"

"ఏం జరిగిందిక్కడ?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"కారు చూద్దామని వచ్చామండీ" అన్నాడు ఉదయభాస్కర్. గొంతు మళ్లీ మెత్తబడింది. నొప్పికి చెమటలు కారుతున్నా వాక్యాలు చెదరలేదు. "నడుస్తున్న కారుకి ఈ అమ్మాయి హఠాత్తుగా బ్రేకు లాగేసింది. మా ఆవిడకి బెల్టు లేదు, ముఖమంతా పగిలిపోయింది. ఇదేమిటని అడిగితే రాడ్డుతో నా కాలు విరగ్గొట్టింది. పిచ్చో, మరేమిటో నాకు తెలీదు. మా ఆవిణ్ణే అడగండి."

హెడ్ కానిస్టేబుల్ జెన్నిఫర్ చేతిలోని స్పానర్ చూశాడు. కారు లోపల బ్రేకు బటన్ చూశాడు. "అవ్వా, నువ్వేం చూసినవ్?"

"గీ పిల్ల గా ఇనుపదాంతోని కొట్టుడు చూసిన సారూ. అంతకుముందు ఏమయ్యిందో నాకెర్కలేదు."

అతను కావేరి ముందు గొంతుక్కూర్చున్నాడు. "చెప్పమ్మా. భయపడకు. నిన్ను గిట్ల చేసింది ఎవరు?"

కావేరి భర్త వైపు చూసింది. జెన్నిఫర్ కూడా అటే చూసింది. లాస్య తండ్రి భుజం మీద తల పెట్టుకుని ఉంది. చూసేవాళ్లకి ఏడ్చి అలిసిపోయిన పిల్లలాగే ఉంటుంది. తండ్రి చెయ్యి ఆమె మెడ వెనక నుంచి ముందుకి వచ్చి ఉంది, ఊరడిస్తున్నట్టు. బొటనవేలు గొంతు గుంటలో ఆనించి ఉంది. పిల్ల మింగడానికి కూడా భయపడుతోంది.

"ఈ అమ్మాయే" అంది కావేరి.

జీపులో వైర్‌లెస్ ఏదో గొణిగింది. రెండో కానిస్టేబుల్ వచ్చి జెన్నిఫర్ చేతిలోంచి స్పానర్ తీసుకున్నాడు. ఆమె ఇచ్చేసింది.

"నువ్వేమంటవ్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

కావేరి ఆ మాట కోపంతో అందో, భయంతో అందో జెన్నిఫర్‌కి తెలియలేదు. ఏదైనా తనకి తగినదే అనిపించింది. ముక్కులోంచి కారుతున్న రక్తం మోచేత్తో తుడుచుకుంది.

"అవును సర్. బ్రేకు గుంజింది నేనే. కాలు ఇరగ్గొట్టింది నేనే. రాస్కోండ్రి, సంతకం పెడత. నన్ను స్టేషన్‌కు తీస్కపోండ్రి." గొంతు పెంచింది. "గానీ ముందుగాల గా పిల్లను ఆయన చేతిలకెల్లి తీస్కోండ్రి. ఇప్పుడే. ఆ బొటనవేలు ఏడున్నదో చూడుండ్రి సర్."

హెడ్ కానిస్టేబుల్ మొదటిసారి ఉదయభాస్కర్ చేతివంక చూశాడు. చూసి, నెమ్మదిగా లేచాడు. "పాపనిటు ఇయ్యి సార్. నీ కాలు మంచిగ లేదు, ఎత్తుకోలేవు."

"పర్వాలేదండీ. నా కూతురు."

"ఇటు ఇయ్యుమంటున్న."

ఉదయభాస్కర్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. తెల్లగీత అతని మడమ కింద ఉంది. "నా దగ్గరికి రాకండి" అన్నాడు, ఇంకా మర్యాదగానే. షాద్‌నగర్ వైపు వెళ్లే సిమెంటు లారీ ఒకటి జీపు లైట్లు చూసి హారను మోగించడం మొదలుపెట్టింది, ఆపకుండా.

"అయ్యో, పాప!" అని కావేరి పగిలిన గొంతుతో అరిచి లేవబోయింది. జెన్నిఫర్ అప్పటికే పరుగు అందుకుంది.

అతను ఇంకో అడుగు వెనక్కి వేశాడు. ఈసారి అడుగు జెన్నిఫర్ విరగ్గొట్టిన కాలి మీద పడింది.